గొలుసు విప్పాకే ఆట

ఏటా అక్టోబరు 21 పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. ఆ రోజుల్లో జిల్లా కేంద్రాల్లో బడిపిల్లల కోసం పోలీసులు ‘ఓపెన్ హౌస్’ పెడుతుంటారు. తుపాకులు, వైర్‌లెస్ సెట్లు, బాంబులు వెతికే సామగ్రి బల్లల మీద వరసగా పేర్చి ఉంటాయి. పిల్లలు వాటి ముందు నుంచి బుద్ధిగా లైన్లో కదులుతారు. డాగ్ స్క్వాడ్ దగ్గరికి రాగానే ఆ లైను కాస్తా చెదిరిపోతుంది. జాగిలం సెల్యూట్ కొడుతుంది, అడ్డుకర్ర దూకుతుంది, రింగులోంచి దూరుతుంది, దాచిపెట్టిన సంచిని పసిగట్టి దాని ముందు బైఠాయిస్తుంది. సూర్యాపేట పిల్లలైనా నల్లగొండ పిల్లలైనా అప్పుడు అడగాలనుకునేది ఒకటే: మా ఇంట్ల కుక్క గూడ ఇట్ల చేస్తదా?

చేస్తుంది. కాకపోతే ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పాలి.

తెలంగాణ పోలీసు జాగిలాలు తయారయ్యేది హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దగ్గరున్న ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో. ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, బెల్జియన్ మాలినోయిస్‌లు అక్కడ నెలల తరబడి శిక్షణ పొంది, పాసింగ్ అవుట్ పరేడ్ చేసి మరీ జిల్లాలకు వెళ్తాయి. గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. అక్కడ కుక్కకు ఒక్కదానికే పాఠాలు చెప్పరు, దాన్ని నడిపించే హ్యాండ్లర్‌కూ చెబుతారు. ఇద్దరూ జంటగా నేర్చుకుంటారు, జంటగానే డ్యూటీకి వెళ్తారు.

ఇంటి కుక్కకు దొంగల్ని పట్టే పని లేదు కాబట్టి అంత కఠినమైన శిక్షణా అక్కర్లేదు. అయితే దూకడం, దూరడం, వంతెన ఎక్కి దిగడం, పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తడం లాంటివన్నీ కలిపి ప్రపంచంలో చాలాచోట్ల ఒక ఆటగా ఆడుతున్నారు. దాని పేరు డాగ్ ఎజిలిటీ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లో దీన్ని మొదలుపెట్టాలంటే ఏం కావాలని అడిగితే చాలామంది ఖరీదైన జాతి కుక్క, విదేశీ పరికరాలు, హైదరాబాద్ నుంచి వచ్చే ట్రైనర్ అని లెక్కలు వేస్తారు. అన్నిటికన్నా ముందు కావాల్సిందానికి పైసా ఖర్చు లేదు, శ్రమ మాత్రం చాలా ఉంది. మెడలో గొలుసు తీసేశాక కూడా పిలిస్తే వెనక్కి వచ్చే కుక్క కావాలి.

ఈ ఆట పుట్టింది విరామ సమయం నింపడానికి. బ్రిటన్‌లో ఏటా జరిగే ‘క్రఫ్ట్స్’ కుక్కల ప్రదర్శనకు పెద్ద పేరుంది. 1978 ఫిబ్రవరి ప్రదర్శనలో, ప్రధాన కార్యక్రమాల మధ్య ఖాళీలో జనం లేచి వెళ్లిపోకుండా ఏదైనా చేయాలని నిర్వాహక సంఘం సభ్యుడు జాన్ వార్లీకి ఆలోచన వచ్చింది. ఆయనకు గుర్రపు స్వారీ పోటీలతో పరిచయం ఉంది. గుర్రాలు కంచెలు దూకే పోటీని కుక్కలతో చేయిస్తే ఎలా ఉంటుందని శిక్షకుడు పీటర్ మీన్‌వెల్‌ను అడిగారు. మీన్‌వెల్ అడ్డంకులు తయారు చేయించారు. లండన్ ఒలింపియా హాల్లో రెండు జట్లు, ఒక్కో జట్టులో నాలుగు కుక్కలు. జనం ఊగిపోయారు. రెండేళ్లకు, 1980లో, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని అధికారిక క్రీడగా గుర్తించి నియమాలు రాసింది. అమెరికాలో 1986లో దీనికోసమే ప్రత్యేక సంఘం వెలిసింది. తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1996లో స్విట్జర్లాండ్‌లో జరిగింది.

ఆ ప్రపంచ పోటీలు నడిపేది ఎఫ్‌సీఐ. మిర్యాలగూడలో ఈ మూడక్షరాలు వినగానే రైస్ మిల్లర్లకు గుర్తొచ్చేది బియ్యం తీసుకునే భారత ఆహార సంస్థ. ఇది అది కాదు, బెల్జియం కేంద్రంగా పనిచేసే, 1911లో పుట్టిన అంతర్జాతీయ శునక సమాఖ్య. మన దేశంలో చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు దానితో అనుబంధం ఉంది.

పోటీ ఎలా ఉంటుందో చూస్తే ఇంట్లో ఏం నేర్పాలో అర్థమవుతుంది. మైదానంలో 15 నుంచి 22 అడ్డంకులు ఉంటాయి. దూకే కంచెలు, 60 సెంటీమీటర్ల వ్యాసమున్న సొరంగం, ఇంటి కప్పులా రెండువైపులా వాలుగా ఉండే ‘ఎ-ఫ్రేమ్’, మనిషి ఛాతీ ఎత్తున ఒక్క అడుగు వెడల్పుతో సాగే ‘డాగ్ వాక్’ వంతెన, తూగుబల్ల, వరసగా పాతిన 12 కర్రలు. జడ్జి ప్రతిసారీ వీటిని కొత్త క్రమంలో అమరుస్తారు. పోటీకి ముందు కొద్ది నిమిషాలు మనుషులు మాత్రమే ఆ దారిలో నడిచి క్రమాన్ని బట్టీ పట్టుకోవాలి. కుక్కకు ఏమీ తెలియదు. బయల్దేరాక దాని మెడలో పట్టీ ఉండకూడదు, మనిషి చేతిలో తిండి గానీ బొమ్మ గానీ ఉండకూడదు, కుక్కను ముట్టుకోకూడదు. మిగిలేవి గొంతు, చెయ్యి, భుజం, పాదం. కంచె మీది కర్ర పడితే 5 తప్పులు. అడ్డంకి ముందు ఆగిపోయినా, పక్కనుంచి జారుకున్నా మరో 5. అలా మూడుసార్లు మొరాయిస్తే, లేదా క్రమం తప్పి వేరేది ఎక్కితే పోటీ నుంచి అవుట్. తప్పుల్లేకుండా తక్కువ సమయంలో ముగించిన జంట గెలుస్తుంది. కుక్క ఎత్తును బట్టి నాలుగు తరగతులున్నాయి. భుజం దగ్గర 35 సెంటీమీటర్ల లోపు ఉన్న చిన్న కుక్క 25 నుంచి 30 సెంటీమీటర్లు దూకితే చాలు. 48 సెంటీమీటర్లు, అంతకు మించిన పెద్ద కుక్కకు కంచె 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది.

ప్రపంచ స్థాయిలో పెద్ద కుక్కల విభాగంలో ఎక్కువగా కనిపించేది బోర్డర్ కోలీ, అంటే బ్రిటన్ కొండల్లో గొర్రెల మందల్ని తోలే జాతి. కాపరి దూరం నుంచి ఈలేస్తే మందను ఎటు తిప్పాలో తెలుసుకోవడం దాని రక్తంలోనే ఉంది. ఇది విన్నాక సూర్యాపేట పాఠకుడికి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, గొల్లకురుమల మందలు, ఆ మందల వెంట నడిచే కుక్కలు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. మన మంద కుక్క పని ముఖ్యంగా కాపలా. అయినా మనిషి వైపు ఒక చెవి, మంద వైపు ఒక చెవి వేసి నడవడం దానికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

పట్టణాల్లోకి వస్తే కుక్క బతుకు వేరు. అరవై ఐదో నంబరు జాతీయ రహదారి పక్కన కొత్తగా లేచిన ఇళ్లలో, మిర్యాలగూడ రైస్ మిల్లుల గేట్ల దగ్గర, కోదాడ కాలనీల్లో కుక్కను తెచ్చుకునేది చాలావరకు కాపలాకే. పగలంతా గేటు పక్కన గొలుసు, రాత్రి కాంపౌండ్‌లో వదలడం, రెండు పూటలా పెరుగన్నం. అలాంటి కుక్క ఒక్కసారి గేటు సందులోంచి బయటపడిందంటే ఇంటిల్లిపాదీ దాని వెనక పరుగెత్తాల్సిందే. ఎంత అరిచి పిలిస్తే అంత దూరం పోతుంది. తప్పు దానిది కాదు. దొరికిన ప్రతిసారీ దెబ్బో గొలుసో తప్పదని దానికి అనుభవం మీద తెలిసింది.

ఇక జాతుల సంగతి. ఊళ్లో అందరూ ‘పమేరియన్’ అని పిలిచే తెల్లని బొచ్చుకుక్క అసలు పేరు ఇండియన్ స్పిట్జ్. ‘ప్రేమాలయం’ సినిమాలో క్రికెట్ అంపైరింగ్ చేసి మెప్పించింది ఇదే. తేలికైన ఒళ్లు, చురుకైన బుర్ర ఉన్న ఇది ఎజిలిటీకి బాగా పనికొస్తుంది. ల్యాబ్రడార్ తిండి కోసం ఏదైనా నేర్చుకుంటుంది గానీ మన ఇళ్లలో అది సాధారణంగా ఉండాల్సినదానికంటే బరువుంటుంది. దూకడం మొదలుపెట్టే ముందు దాని ఒళ్లు తగ్గించాలి. పక్కటెముకల మీద చెయ్యి పెట్టి నిమిరితే అవి తెలియాలి, తెలియకపోతే తిండి కొలత చూసుకోవాలి. హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక ఇంటింటికీ చేరిన పగ్‌కు మాత్రం ఈ ఆట హాయిగా ఉండదు. చప్పిడి ముక్కు వల్ల దానికి ఊపిరి సరిగా ఆడదు, ఒంట్లో వేడి బయటికి పోదు. రెండు నిమిషాలు నేల మీద పెట్టిన బల్లపై నడిపించి, సొరంగంలోంచి పిలిచి, అంతటితో ఆపేయడం మంచిది.

వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటుకుక్క మాటేమిటి? చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. అది మన ఎండకు అలవాటుపడ్డ కుక్క, సన్నని నడుము, పొడవాటి కాళ్లు, పొట్టి బొచ్చు. తెలుగు నేల మీద పేరున్న స్థానిక కుక్కలు కూడా ఇదే తీరులో ఉంటాయి: కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పందికోన, కృష్ణా, కొల్లేరు ప్రాంతాల్లో జోనంగి. కొల్లేటి వైపు బాతుల్ని తోలడానికి జోనంగిని వాడిన చరిత్ర ఉంది. నాటుకుక్కకు బుర్ర లేదనేవాళ్లకు కోల్‌కతా ఐసర్ శాస్త్రవేత్త అనిందితా భద్ర బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం చూపించాలి. ఎవరూ ఏమీ నేర్పని వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపించారు. సగం దాకా కుక్కలు భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. మనిషి సైగను చదవడమే ఎజిలిటీలో సగం ఆట. ఆ సగం వీధికుక్కకు ముందే వచ్చు. మిగిలింది భయం పోగొట్టడం.

మొదలుపెట్టేది పిలుపుతో. పేరు ఒక్కసారి పలకాలి, కుక్క తల తిప్పిన మరుక్షణం నోట్లో ముక్క పడాలి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు, పనీర్ దేన్నైనా శనగగింజంత ముక్కలు చేసుకుంటే చాలు, కుక్క లెక్కపెట్టేది ముక్కల్నే గానీ సైజును కాదు. ఉడికిన బొక్కలు, చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ దగ్గరికి రానివ్వకూడదు. ముక్కలు ఎన్ని పెడితే ఆ పూట అన్నం అంత తగ్గించాలి. మొదట ఇంట్లో, తర్వాత వాకిట్లో, ఆ తర్వాత గేటు మూసిన కాంపౌండ్‌లో ఇదే పాఠం. బయటికి వెళ్లాల్సి వస్తే మెడకు కాకుండా ఛాతీ చుట్టూ బెల్టు వేసి, దానికి పది గజాల నవారు కట్టుకుంటే మంచిది. నవారు చేతిని కోయదు, కుక్క తన్నుకున్నా తెగదు. నేల మీద ఈడ్చుకుపోతుంటే కుక్కకు తను స్వేచ్ఛగా ఉన్నట్టే అనిపిస్తుంది.

పిలిస్తే వచ్చిన కుక్కను తిట్టకూడదు, ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. వచ్చిన ప్రతిసారీ గొలుసు వేయకూడదు. నాలుగుసార్లు పిలిచి, ముక్క పెట్టి, మళ్లీ ఆటకు వదిలేసి, ఐదోసారి కట్టేస్తే దానికి పిలుపు మీద అనుమానం పుట్టదు. రాబట్టడానికి ‘దా’ అనుకుంటే ఇంట్లో అందరూ ‘దా’ అనే అనాలి. నాన్న ‘దా’ అని, కొడుకు ‘కమ్’ అని, నానమ్మ ‘చో చో’ అంటుంటే కుక్కకు ఏది ఏమిటో అర్థం కాదు. దానికి తెలుగైనా ఇంగ్లిషైనా ఒకటే గానీ మాట మారకూడదు. ఇంకొక మాట అసలు వాడకూడదు: వీధిలో పోయేవాళ్ల మీదికి, పిల్లుల మీదికి సరదాకి ‘ఉస్కో’ అని ఉసిగొల్పడం. పొద్దున ఉస్కో అని, సాయంత్రం బుద్ధిగా ఉండమంటే ఏ కుక్కా వినదు.

పిలుపు కుదిరాక కూర్చోవడం, చెప్పేదాకా కదలకుండా ఉండటం, అరచేతికి ముక్కు ఆనించడం నేర్పాలి. ఈ మూడో పాఠం చిన్నదిగా కనిపిస్తుంది గానీ దీంతో కుక్కను ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. సరైన పని చేసిన క్షణాన్నే గుర్తించి చెప్పడానికి ప్రపంచవ్యాప్తంగా ‘క్లికర్’ అనే చిన్న డబ్బా వాడతారు. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణనిచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌ను గొలుసుతో లాగలేం, కొట్టలేం. చప్పుడుతో ‘ఇదే సరైంది’ అని చెప్పి, తర్వాత చేప వేయడమే దారి. క్లికర్ దొరక్కపోతే నొక్కితే టక్‌మనే బాల్‌పెన్ చాలు. చప్పుడు వెంటనే, ముక్క రెండు సెకన్లలో. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు మించకూడదు. కుక్క ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేస్తే రేపు అదే ముందు వచ్చి నిలబడుతుంది.

పరికరాల వంతు ఇప్పుడొచ్చింది. వీటికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, ఏ హార్డ్‌వేర్ షాపుకు పోయినా పనైపోతుంది. దూకే కంచెకు అంగుళం పీవీసీ పైపు ఒకటి, అటూ ఇటూ రెండేసి ఇటుకలు. పైపును దేనికీ బిగించకూడదు. కాలు తగిలితే పడిపోయేలా ఉండాలి, లేకపోతే పడేది కుక్క. మొదటి నెలంతా పైపు నేల మీదో జానెడు ఎత్తునో ఉంటుంది. కుక్క ఎంత ఎత్తు దూకుతుందో చూడాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది, దాన్ని ఆపుకోవాలి. సొరంగానికి పిల్లలు ఆడుకునే మడత గుడ్డ గొట్టం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది దొర్లకుండా రెండువైపులా ఇసుక నింపిన గోనె సంచులు ఆనించాలి, మిర్యాలగూడలో గోనె సంచులకు కరువేముంది! రెండొందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము రెండు మూతులూ కోయించినా సరిపోతుంది, దాని వ్యాసం పోటీ సొరంగానికి దాదాపు సమానం. కోసిన అంచులు అరగదీయించాలి, రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం వద్దు. సొరంగం మొదటి రోజు మూరెడు పొడవే ఉండాలి. అవతలి వైపు ఇంట్లోవాళ్లు కూర్చుని మొహం కనబడేలా పిలవాలి. నాలుగు రోజుల్లో కుక్కే దాంట్లోంచి బయటికి రానంటుంది.

రహదారి ఊళ్లు కాబట్టి లారీ టైరును చెట్టుకు వేలాడదీసి దూకించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. బరువైన టైరు కుక్క నడుముకు తగిలితే వెన్నెముక దెబ్బతింటుంది. పోటీల్లో కూడా ఇప్పుడు తగిలితే రెండుగా విడిపోయే టైర్లే వాడుతున్నారు. పిల్లల హూలాహూప్‌ను చేత్తో పట్టుకుంటే అదే పాఠం, ప్రమాదం లేకుండా.

వంతెనకు అడుగు వెడల్పున్న గట్టి చెక్కబల్ల కావాలి. సెంట్రింగ్ పని చేసేవాళ్ల దగ్గర పాతది దొరుకుతుంది, మేకులు పీకి తెచ్చుకోవాలి. తడి పెయింట్ మీద సన్నని ఇసుక చల్లి ఆరబెడితే కాలు జారదు. మొదట బల్ల నేల మీద, తర్వాత ఒక ఇటుక మీద, వారాలు గడిచాక ఇంకో ఇటుక. కుక్కకు తన ముందుకాళ్ల సంగతి తెలుసు గానీ వెనకకాళ్లు తనవేనన్న ధ్యాస చాలా కుక్కలకు ఉండదు. బల్ల మీంచి అవి జారిపోయేది అందుకే. నేల మీద పడుకోబెట్టిన నిచ్చెన మెట్ల మధ్య మెల్లగా నడిపిస్తే ఆ ధ్యాస వస్తుంది.

పోటీల్లో ఎ-ఫ్రేమ్, వంతెన, తూగుబల్లల అంచులకు వేరే రంగు వేసి ఉంటుంది. దిగేటప్పుడు ఆ రంగు మీద కనీసం ఒక కాలు పడాలి, పడకపోతే తప్పు. కుక్క పైనుంచి ఎగిరి దూకి కీళ్లు పాడుచేసుకోకుండా ఈ నియమం పెట్టారు. దీనికి ఒక చక్కని పద్ధతి ఉంది. బల్ల చివర ముందుకాళ్లు నేల మీద, వెనకకాళ్లు బల్ల మీద పెట్టి కుక్క ఆగాలి. ఆ భంగిమలో ఉన్నప్పుడే ముక్కలు పెడుతుంటే, కొన్ని వారాలకు ఎంత వేగంగా వచ్చినా అక్కడికొచ్చి ఆగి యజమాని మొహం చూస్తుంది. తూగుబల్లకు ఇంకో చిక్కుంది, అది నేలకు కొట్టుకునే ‘ఢాం’ అనే చప్పుడు. దాని కింద మడతేసిన బొంత పెట్టి మొదలుపెట్టి, మెల్లమెల్లగా బొంత పలచన చేస్తూ పోవాలి. దీపావళి టపాసులకు మంచం కింద దూరే కుక్కయితే తూగుబల్లను ఏడాది వాయిదా వేసినా నష్టం లేదు.

అన్నిటికన్నా కష్టమైనవి కర్రలు. పన్నెండు కర్రలు, మధ్య 60 సెంటీమీటర్ల ఎడం. మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా లోపలికి దూరాలి. సహజంగా ఏ కుక్కా చేయని పని ఇది. పన్నెండూ ఒకేసారి పాతి ముక్క ఆశపెట్టి లాక్కెళితే కుక్క ముక్కను చూస్తుంది గానీ కర్రలను చూడదు. అనుభవజ్ఞులు రెండు కర్రలతోనే మొదలుపెడతారు. వాటి మధ్యలోంచి ఏ కోణంలో వదిలినా దూరడం వచ్చాకే ఇంకో రెండు. అలా పన్నెండుకు చేరడానికి నెలలు పడుతుంది. నీళ్లు పెట్టి మెత్తబడ్డ నేలలో వెదురు కర్రలు దిగ్గొడితే సరిపోతుంది, పై కొనలు కుక్క కంటికి తగలనంత ఎత్తున ఉండాలి.

ఈ లోపల మనిషి నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. కుక్క నోటి మాట కంటే పాదాలను ముందు చదువుతుంది. ‘సొరంగం, సొరంగం’ అని అరుస్తూ కాళ్లు కంచె వైపు తిప్పితే అది కంచే దూకుతుంది, తర్వాత యజమాని తిడితే బిక్కమొహం వేస్తుంది. అందుకే ఎజిలిటీ ఆడేవాళ్లు కుక్క లేకుండా ఒంటరిగా ఆ దారిలో పరుగెత్తి, ఎక్కడ భుజం తిప్పాలో, ఎక్కడ కుక్క ముందుకు దాటి వైపు మారాలో సాధన చేస్తారు. కోదాడ కాలనీలో పొద్దున్నే ఎవరైనా ఇలా ఖాళీ గాలికి చేతులూపుతూ ఇటుకల మధ్య పరుగెత్తితే పక్కింటివాళ్లు ఊరుకోరు. ‘ఏందన్నా, కుక్కకు సర్కస్ నేర్పుతున్నవా, నువ్వే నేర్చుకుంటున్నవా?’ అంటారు. నిజానికి రెండోదే.

ఇంగ్లండ్ పుస్తకాల్లో ఉండని అధ్యాయం మనకొకటుంది, ఎండ. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో మే నెలలో 45 డిగ్రీలు తాకిన రోజులున్నాయి. మనిషిలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దాని ఫ్యాన్. మార్చి మధ్య నుంచి వానలు పడేదాకా సాధన ఎండెక్కకముందే ముగించాలి, సాయంత్రం నేల చల్లారేదాకా ఆగాలి. సీసీ రోడ్డు, తారు, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం సాయంత్రం ఏడింటికి కూడా సెగలు కక్కుతుంటాయి. అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకు అది పెనమే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 105 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ కింద పెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

వానాకాలంలో నల్లరేగడి జారుతుంది. ఆ రోజుల్లో దూకుళ్లు మాని ఇంట్లోనే అరచేతి పాఠాలు చేసుకోవచ్చు. గడ్డి పెరిగాక గోమార్లు వస్తాయి. వాటితో వచ్చే జ్వరం రక్తకణాల్ని తినేస్తుంది, కుక్క నీరసించి తిండి మానేస్తుంది. మైదానం నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో చూసుకోవడం అలవాటు కావాలి. వీధికుక్కలు తిరిగే బడి మైదానాలకు తీసుకెళ్లే ముందు పార్వో, డిస్టెంపర్, రేబిస్ టీకాలు పూర్తయి ఉండాలి. రేబిస్ టీకాకు డబ్బు సమస్య అయితే జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

పిల్లకుక్కను తెచ్చి మూడో నెలలోనే దూకించాలనుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఎముకల చివర ఎదిగే భాగాలు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పట్టొచ్చు, చాలా పెద్ద జాతులకు ఇంకా ఎక్కువ. అందుకే ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను బరిలోకి రానివ్వరు. ఆ లోపల పిలుపు, బల్ల, సొరంగం, నిచ్చెన నేర్పడానికి కావలసినంత సమయం ఉంది. పెద్ద వయసు కుక్కకూ నేర్పొచ్చు, కంచె మాత్రం మోకాలి లోపే.

పరికరాలు బిగించి, కంచె వేసి ఉన్న చోట ఒకసారి ఆడించాలనిపిస్తే హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ ఉంది. అంతకుముందు చెత్త పోసే స్థలం అది. దాదాపు 1.3 ఎకరాల్లో, కోటికి పైగా ఖర్చుతో కుక్కల కోసమే కట్టారు. పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు వేర్వేరు ఆవరణలున్నాయి. సూర్యాపేట, కోదాడ నుంచి వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలిలో దిగితే నగరం ట్రాఫిక్ తప్పుతుంది. కారులో కుక్కకు దారిలో రెండుసార్లు నీళ్లు, నడక ఉండాలి, బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకూడదు. టీకా కార్డు వెంట ఉంచుకోవాలి. అక్కడికి చేరగానే వంతెన ఎక్కించాలన్న తొందర వద్దు. కొత్త చోట, కొత్త కుక్కల మధ్య, నవారు వదిలేశాక ఇంట్లో వచ్చినట్టే ఒక్క పిలుపుకు వెనక్కి వస్తుందో లేదో చూడాలి. రాకపోతే ఆ రోజు పాఠం అదే, వంతెన ఇంకో ట్రిప్పులో ఎక్కొచ్చు.